సంబంధం కలుపుకొనే చదువు

మొన్న జూలై నెలలో ఒకనాటి సాయంకాలం, మా వీధిలో మూడిళ్ళ అవతల ఉండే పెద్దమనిషి ఒకాయన మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే ఒక ప్రశ్న వేశారు.

"ఒక సంగతి చెప్పండి బావగారూ. డబ్బు కట్టించుకొని మరీ అబద్ధాలు నేర్పే కాలేజీ ఉంటుందా?"

సంగతేమిటంటే, వారి అమ్మాయి సెకండ్ పీయూసీ ప్యాసై, మన బెంగుళూరులోనే ఒక కళాశాలలో బి.ఏ.లో చేరింది. అందులో మొదటి సెమిస్టరులోనే 'పబ్లిక్ రిలేషన్స్ - పరిచయం' అని ఒక పాఠ్యాంశం ఉన్నదట. తండ్రికి ఆమెను బి.కాం.లో చేర్పించాలని కోరిక. నెలాఖరు లోపల కోర్సు మార్చుకోవచ్చునని కళాశాలవారు చెప్పినారు. ఆయనకు తెలిసిన పబ్లిక్ రిలేషన్స్ అల్లా సినిమా పోస్టరు మీద చివరి వరుసలో కనిపించే పి.ఆర్.ఓ. పేరూ, ఏదైనా కంపెనీలో గందరగోళం జరిగినప్పుడు మైకుల ముందు నిలబడి మెత్తగా మాట్లాడే మనిషీ మాత్రమే.

"తప్పు చేసేవాడొకడు, కప్పేవాడింకొకడు. ఆ కప్పే పని నా కూతురు నేర్చుకోవాలా?" అన్నారాయన.

మేము ఆఫీసులో విచారణ కిటికీ వెనుక చాలా ఏండ్లు కూర్చున్నవాళ్ళం గనుక, జనంతో సంబంధం అంటే ఏమిటో మాకు బాగా తెలుసునని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం ఇష్టం లేక, పుస్తకం చూసి చెబుతామన్నాము. మర్నాడు అమ్మాయి పుస్తకమూ, నోట్సూ తెచ్చి ఇచ్చి, "మామయ్యగారూ, మొదటి మూడు పాఠాలు చదివి ఆపేయకండి. నాలుగోది కూడా చదివాకే నాన్నకు చెప్పండి" అని పోయింది. మాది మెట్రిక్యులేషన్ ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకొని నాలుగు రాత్రులు చదివాము. అందులో మాకు తెలిసివచ్చిన సంగతులు పాఠకులతో కూడా చెప్పుకోవాలనే ఈ నెల ఈ ప్రస్తావన.

ముందు మాట సంగతి చూద్దాము. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ శాఖను 'సమాచార పౌరసంబంధాల శాఖ' అంటాయి. మన కర్ణాటక ప్రభుత్వం 'వార్తా మత్తు సార్వజనిక సంపర్క ఇలాఖె' అంటుంది. రెండు భాషలూ వచ్చిన మన వంటివాళ్ళకు ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. సంపర్కమంటే ఒకరినొకరు తాకడం. బస్సులో పక్కవాడికి భుజం తగిలినా సంపర్కమే. సంబంధం అట్లా కాదు. మన ఇళ్ళలో "సంబంధం చూస్తున్నాము" అంటే మరి అర్థం అడగనక్కరలేదు. అది రెండిళ్ళను జన్మకంతా కట్టివేసే వ్యవహారం.

ఆ వ్యవహారంలోనే మనవాళ్ళు రెండు రకాలుగా చెప్పారు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించుకోమన్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమని కూడా వాళ్ళే అన్నారు. ఈ చదువు నేర్పేది విచారణా, వెయ్యి అబద్ధాలా అన్నదే మా పొరుగాయన ప్రశ్న.

మొదటి పాఠంలో నిర్వచనం ఉన్నది. ఒక సంస్థకు, అది ఎవరెవరి మీద ఆధారపడి బ్రతుకుతున్నదో వారికీ మధ్య పరస్పర అవగాహనను, ఆలోచించి, విడవకుండా పెంచుకొనే ప్రయత్నమే పబ్లిక్ రిలేషన్స్ అని దాని సారాంశం. ప్రకటనకూ దీనికీ తేడా కూడా చెప్పారు. ప్రకటన అంటే డబ్బిచ్చి పత్రికలో జాగా కొనుక్కోవడం. వార్త అట్లా కొనుక్కొనేది కాదు. అది సంపాదకుడికి నచ్చితేనే పడుతుంది. వార్త ఇవ్వడం ఈ చదువులో ఒక భాగం మాత్రమే.

ఇంకొకటి మాకు బాగా నచ్చింది. 'జనం' అని ఒక ముద్ద ఎక్కడా లేదంటారు. ఒక పాల డెయిరీ ఉన్నదనుకొండి. ఆవుల రైతు ఒక జనం. పొద్దున్నే పాకెట్టు కొనే ఇల్లాలు ఒక జనం. తెల్లవారుజామున బండి తోలే డ్రైవరు ఒక జనం. పరీక్షకు వచ్చే అధికారి ఒక జనం. డెయిరీ మురుగు కాలువ పక్కన కాపురముండేవాళ్ళు ఇంకొక జనం. అందరికీ ఒకే మాట చెబితే ఎవరికీ చెప్పినట్లు కాదు.

ఇది చదువుతుంటే మాకు అశోకుడు గుర్తుకు వచ్చాడు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో ఆయన శాసనాలు మన మస్కిలోనూ, చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలోనూ, కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోనూ ప్రాకృతంలో చెక్కించాడు. అదే చక్రవర్తి దూరాన కాందహారులో గ్రీకులోనూ, అరమాయికులోనూ చెక్కించాడు. అక్కడివారికి తెలిసిన భాషలవి. ఇంకా వినండి. కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి ఆయన పశ్చాత్తాపపడిన పదమూడవ శాసనం చాలాచోట్ల ఉన్నది గాని, ఆ కళింగంలోనే, అనగా ఒడిషాలోని ధౌళిలోనూ, గంజాం జిల్లా జౌగడలోనూ లేదు. దానికి బదులు అక్కడ వేరే శాసనాలు చెక్కించాడు. ప్రజలందరూ తన బిడ్డలేననీ, నగరాధికారులు నిష్కారణంగా ఎవరినీ చెరలో వేయరాదనీ, బాధించరాదనీ అందులో ఆజ్ఞాపించాడు. దెబ్బ తిన్నవాళ్ళ గడపలో నిలబడి తన పశ్చాత్తాపం వినిపించడం కన్న, అక్కడి అధికారులను అదుపులో పెట్టడమే మేలనుకొన్నాడో, లేక ఆ మాట అక్కడ ఎత్తడానికే జంకాడో, ఎవరికి తోచినట్లు వారు చెప్పుకోవచ్చు. మొత్తానికి ఏ జనానికి ఏ మాట అన్న విచారం అప్పటికే ఉన్నదన్నమాట.

రెండవ, మూడవ పాఠాలు అమెరికాకు పోతాయి. ఈ వృత్తి ఈ రూపంలో అక్కడే పుట్టింది గనుక. అక్కడ ఐవీ లీ అనే పత్రికా విలేఖరి ఉండేవాడు. 1906లో బొగ్గుగనుల సమ్మె సమయంలో యజమానుల పక్షాన పనిచేస్తూ, తమ పని అంతా బహిరంగమనీ, సరియైన సమాచారాన్ని జాగు లేకుండా పత్రికలకు ఇస్తామనీ ఒక సూత్రాల ప్రకటన వెలువరించాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీది నుంచి నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే వార్త పొక్కకుండా చూడటం ఆనాటి రైలు కంపెనీల ఆచారం. లీ అట్లా కాకుండా, పుకార్లు పుట్టకముందే కంపెనీ చేత జరిగిన సంగతులు పత్రికలకు వ్రాయించి ఇచ్చాడు. మొట్టమొదటి పత్రికా ప్రకటనగా చాలామంది దానినే చెబుతారు.

ఇంతవరకు చదివి, పొరుగాయనకు మంచి కబురే చెప్పవచ్చు ననుకొన్నాము. పేజీ తిప్పేసరికి 1914 వచ్చింది. కొలరాడో రాష్ట్రంలో లడ్లో అనేచోట సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద ఏప్రిల్ 20న దాడి జరిగింది. గుడారాలు కాలిపోయినవి. ఒక గుడారం క్రింద గోతిలో తలదాచుకొన్న 11 మంది పిల్లలు, ఇద్దరు స్త్రీలు ఊపిరాడక చనిపోయారు. ఆ గనుల కంపెనీ రాక్‌ఫెల్లరు కుటుంబానిది. లోకమంతా ఛీకొట్టింది. అప్పుడు రాక్‌ఫెల్లరు తరపున జవాబులు వ్రాయడానికి కుదిరినవాడెవరు? ఆ ఐవీ లీయే. ఆయన వేయించిన కరపత్రాలలో నిజం కానివి ఉన్నవని తరువాత తేలింది. ఎనిమిదేండ్ల క్రితం సత్యమే చెబుతామని ప్రకటించిన చేయే ఆ కరపత్రాలను వెలువరించింది.

ఆ తరువాత వచ్చినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడుకు మేనల్లుడు. ఈ విషయాన్ని కళాశాలలో పాఠంగా మొదలుపెట్టినవాడు ఈయనే. 1923లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చెప్పాడు. అంటే ఈ చదువుకు నూరేండ్లు దాటినవి. ఈయనే 1929లో ఈస్టరు పండుగనాడు న్యూయార్క్ పెద్దవీధిలో కొందరు యువతుల చేత సిగరెట్లు వెలిగించి నడిపించి, అది స్త్రీ స్వాతంత్ర్యానికి గుర్తు అన్నట్లు పత్రికలలో వచ్చేలా చేశాడు. వెనుక ఉన్నది ఒక సిగరెట్టు కంపెనీ డబ్బు. ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియదు. ముసలితనంలో ఆయనే పొగాకుకు వ్యతిరేకంగా పనిచేశాడట. అప్పటికి ఎంతమంది ఊపిరితిత్తులు ఏమైనవో ఎవరు లెక్క చెబుతారు?

మూడవ రాత్రి పుస్తకం మూసి, పొరుగాయన మాటే నిజమనుకొన్నాము. కాని అమ్మాయి నాలుగో పాఠం చదవమన్నది గదా, అని మర్నాడు మళ్ళీ తెరిచాము.

నాలుగో పాఠంలో పని వరుస చెప్పారు. జాన్ మార్‌స్టన్ అనే ఆచార్యుడు 1963లో తన పుస్తకంలో నాలుగు మెట్లు పెట్టాడు. మన మాటల్లో చెప్పుకొంటే విచారణ, ఆచరణ, ప్రకటన, పరిశీలన. ముందు జనం ఏమనుకొంటున్నారో, ఎక్కడ నొప్పి ఉన్నదో విచారించు. రెండవది, ఆ నొప్పి తీర్చే పని చెయ్యి. మూడవది, చేసిన పని చెప్పు. నాలుగవది, చెప్పింది చేరిందా, నొప్పి తగ్గిందా అని చూడు. చెప్పడం మూడవ మెట్టు సుమా! మొదటి రెండూ ఎక్కకుండా మూడవ మెట్టు మీదికి దూకేవాడే మా పొరుగాయన చూసిన మైకుల ముందరి మనిషి.

1984లో గ్రూనిగ్, హంట్ అనే ఇద్దరు ఇంకొక మాట కలిపారు. ఈ వృత్తి నాలుగు రకాలుగా నడుస్తున్నదట. ఎట్లాగైనా పేరు పత్రికకెక్కితే చాలుననేది ఒకటి. ఉన్న సమాచారాన్ని ఉన్నట్లు ఇచ్చేది రెండవది. జనం మనసు కనుక్కొని, ఆ తెలివితో వాళ్ళను తనవైపు తిప్పుకొనేది మూడవది. నాలుగవది, జనం చెప్పింది విని తాను కూడా మారేది. ఈ నాలుగవదే నిజమైన సంబంధం. కోడలు అత్తింటి తీరు నేర్చుకోవడమే కాదు, అత్తిల్లు కూడా కోడలికి తగినట్లు కొంత మారితేనే గదా సంసారం నిలిచేది!

దానికి ఉదాహరణగా పుస్తకం 1982 నాటి సంగతి చెప్పింది. అమెరికాలో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పుల మాత్రలలో ఎవరో దుర్మార్గుడు సయనైడు కలిపాడు. ఏడుగురు చనిపోయారు. అంగళ్ళలో ఉన్న సీసాలలో ఎవరో కలిపిన విషం అది. కంపెనీ చేసిన తప్పు కాదు. అయినా జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ మాత్రలు మింగవద్దని తానే ప్రజలను హెచ్చరించి, దేశమంతటి నుంచి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కు తెప్పించింది. 10 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. తరువాత, ఎవరైనా తెరిస్తే ఇట్టే తెలిసిపోయే మూతలు, సీళ్ళు పెట్టి మళ్ళీ అమ్మకానికి తెచ్చింది. జనం మళ్ళీ కొన్నారు. ఆ పని చేయకుండా ఎంత తియ్యని ప్రకటన వేసినా కొనేవారా?

మన దేశంలో టాటావారు 1943లో ఇందుకోసం ఒక శాఖ పెట్టారు. ఈ పనిలో ఉన్నవారి సంఘం, పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1958లో ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో వారి అఖిల భారత సమావేశం ఆరంభమైంది. అందుకే ఏటా ఏప్రిల్ 21న జాతీయ పౌరసంబంధాల దినం జరుపుకొంటారు. కాని మా వంటి కిటికీ గుమాస్తాలకు నిజమైన పాఠం చెప్పింది 2005 నాటి సమాచార హక్కు చట్టం. అంతకు ముందు "రేపు రండి" అన్నదే జవాబు. ఈ చట్టం 30 రోజులలో జవాబివ్వాలన్నది. అయితే చట్టం జవాబును రప్పించగలదు గాని, ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడే మర్యాదను రప్పించలేదు. అది ఎక్కడో నేర్చుకోవలసిందే.

ఇవన్నీ పొరుగాయనకు చెప్పాము. ఆయన ఓపికగా విని, "అయితే అబద్ధాలు నేర్పరంటారా?" అన్నారు. "నేర్చుకోదలచినవాడికి అందులోనూ దొరుకుతాయి. వ్రాత నేర్చినవాడు ఉత్తరమూ వ్రాయవచ్చు, దొంగచీటీ కూడా వ్రాయవచ్చు. 1906 నాటి మనిషీ, 1914 నాటి మనిషీ ఒక్కడే గదా! ఆ పుస్తకం ఆ రెండవ సంగతి దాచిపెట్టలేదు. అందుకని మాకు నమ్మకం కుదిరింది" అన్నాము. "సరే, ఈ ఒక్క సెమిస్టరు చూద్దాం" అని ఆయన లేచారు. నెలాఖరు దాటిపోయింది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం సుఖంగా ముగిసేది. కాని సెప్టెంబరులో కళాశాలవారు పిల్లలకు ఒక పని పెట్టారు. ఏదైనా ఒక సంస్థను ఎంచుకొని, దానికి ఎవరెవరితో సంబంధం ఉన్నదో, ఆ సంబంధం ఎట్లా ఉన్నదో విచారించి వ్రాయాలి. అమ్మాయి ఎంచుకొన్నది మన సంఘాన్నే. మేము సంతోషించాము. ఉగాది సభలు, గ్రంథాలయం, ఈ పత్రిక, వీటిని గురించి నాలుగు మంచి మాటలు వ్రాస్తుందనుకొన్నాము. ఆమె నోటుబుక్కు పట్టుకొని ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగింది. సభలకు వచ్చేవాళ్ళను ఎవరినీ అడగలేదు. రావడం మానుకొన్నవాళ్ళనే అడిగింది.

వ్రాసినది మాకు చూపింది. మానుకొన్నవాళ్ళలో ఎవరికీ తెలుగు మీద ప్రేమ తగ్గలేదు. మన ఆహ్వానాలు తెలుగు లిపిలోనే వస్తాయి. కన్నడం, ఇంగ్లీషు చదివిన పిల్లలూ, కోడళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని లిపి చదవలేరు. కార్డును భక్తిగా దేవుడి గూట్లో పెడతారు. తేదీ దాటిపోతుంది. కొందరికి కార్డు సభ అయిపోయాక చేరింది. ఏటేటా వార్షిక నివేదికలో "సభ్యుల సహకారం కొరవడినది" అని వ్రాస్తున్నాము. సభ్యులను ఒక ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. పాత సంచికలు తిరగవేస్తే, ఆ మాట మేము ఈ శీర్షికలోనే రెండుసార్లు వ్రాసి ఉన్నాము. కాందహారులో అశోకునికి తెలిసిన సంగతి మాకు తెలియకపోయింది.

చివరి పేజీలో, పేరు లేకుండా, ఒక వృద్ధురాలి మాట ఉన్నది. మనుమడి చదువుకు సహాయం కోరి ఆమె సంఘానికి రెండుసార్లు ఉత్తరం వ్రాసింది. ఏ జవాబూ రాలేదు. "ఇవ్వకపోతే ఇవ్వకపోయారు. లేదని ఒక్క ముక్క వ్రాసి ఉంటే ఇంకొకచోట అడిగేదాన్ని గదమ్మా" అన్నదట.

అమ్మాయికి తెలియదు గాని మాకు తెలుసు. సంఘానికి వచ్చే ఉత్తరాలకు జవాబులు వ్రాసే పని మాదే. ఆ రాత్రి ఫైలు తీశాము. రెండు ఉత్తరాలూ ఉన్నవి. ఆ సంవత్సరం నిధి లేదని కార్యవర్గం తీర్మానించింది. లేదని చెప్పడానికి నోరు రాక, పైన మా దస్తూరీతోనే "తరువాత చూద్దాము" అని వ్రాసి ఉంచాము. ఇంతలో ఆ పిల్లవాడు చదువు మానేసి ఒక అంగడిలో పనికి కుదిరాడు.

మరునాడు ఆమె ఇంటికి పోయి, తప్పు మాదేనని చెప్పాము. ఆమె కాఫీ ఇచ్చింది. పెద్దగా ఏమీ అనలేదు. "వాడు మళ్ళీ పరీక్షకు కడతానంటున్నాడు నాయనా. ఈసారి ఉన్నదో లేదో చెప్పండి" అన్నది. పదిహేను రోజులలో చెబుతామన్నాము. పరీక్ష ఫీజుకూ, పుస్తకాలకూ సరిపడా ఉన్నదని ఎనిమిదవ రోజున చెప్పాము. పోయిన రెండేండ్లు మాత్రం మేము తెచ్చి ఇవ్వలేము.

కార్యవర్గం మరి రెండు సంగతులకు ఒప్పుకొన్నది. వచ్చే ఉగాది నుంచి ఆహ్వానపత్రికలో తెలుగు మాటలనే కన్నడ లిపిలో కూడా అచ్చువేస్తారు. సంఘానికి వచ్చిన ప్రతి ఉత్తరానికీ, ఔననో కాదనో, పదిహేను రోజులలో జవాబు పోతుంది. పోకపోతే పాఠకులు ఈ శీర్షిక పేరు పెట్టి అడగవచ్చు.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు పొరుగాయనకు చదివి వినిపించాము. ఆయన కొంచెంసేపు ఊరకుండి, "అంతా బాగానే ఉన్నది గాని, చివర ఆ ఉత్తరాల సంగతి ఎందుకు బావగారూ? నలుగురిలో సంఘం పరువు పోదూ? దాన్ని కాస్త తీసివేయండి" అన్నారు.

అమ్మాయి గుమ్మంలో నిలబడి తండ్రి వంక చూసి నవ్వింది. మేము తీసివేయలేదు.